ఆరు హైస్కూళ్లు, 57 మంది టీచర్లు, మూడేళ్ల ట్రైనింగు: ప్లాను ఎక్కడ మొదలెట్టాలి?

కొత్త లాకులు:
అందరికీ నమస్కారమండీ. కోనసీమలో ఒక మండలం, ఆరు జిల్లా పరిషత్ హైస్కూళ్లు. పీఈటీలని పక్కనపెడితే టీచర్లు 57 మంది. లెక్కలు 12, ఫిజికల్ సైన్స్ 7, బయాలజీ 6, సోషల్ 9, తెలుగు 8, ఇంగ్లీషు 9, హిందీ 6. ఆరింటిలో రెండు బడులు ఏటికి ఆవల. వీళ్లందరికీ మూడేళ్లపాటు నడిచే వృత్తి శిక్షణ ప్లాను తయారు చెయ్యాలి.

చిత్తుప్రతి ఇలా ఉంది. నెలకొక రోజు, ఏడాదికి పది రోజులు, అందరూ ఒకే హాల్లో. జూన్‌లో బోధనోపకరణాలు, జులైలో కంప్యూటర్ వాడకం, ఆగస్టులో మూల్యాంకనం, సెప్టెంబరులో సహిత విద్య, అక్టోబరులో ప్రశ్నలడిగే పద్ధతులు, ఇలా నెలకో అంశం. రోజుకి ఐదు గంటల చొప్పున ఏడాదికి 50 గంటలు. జాతీయ విద్యా విధానం 2020 చెప్పిన లెక్క సరిగ్గా అదే. ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పండి. మొహమాటం అక్కర్లేదు.

మూడో బెల్లు:
అక్కర్లేదన్నారు కాబట్టి చెప్తున్నాను. ఇది మూడేళ్ల ప్లాను కాదండీ, ఒక్కరోజు ట్రైనింగులు ముప్ఫై. జూన్‌లో చెప్పిన ముక్క జులైలో మళ్లీ కనపడదు. విన్నది క్లాసులో చేశారా, చేస్తే ఏమైంది అని అడిగే చోటే లేదు. ఎవరూ అడగరని తెలిశాక ఎవరు చేస్తారు? పొద్దున్న సంతకం, పదకొండింటికి టీ, ఒంటిగంటకి పులిహోర, నాలుగింటికి ఫీడ్‌బ్యాక్ ఫారం మీద "చాలా బాగుంది". మమ.

రెండోది ఆ ఒకే హాలు. హిందీ పండిట్‌కీ లెక్కల మాస్టారికీ ఒకే ఉదాహరణ సరిపోవాలంటే అది ఇద్దరికీ పనికిరానిదై ఉండాలి. ప్రశ్నలడిగే పద్ధతి అని విడిగా ఒకటి లేదు. ఏ పాఠంలో, ఏ తప్పు మీద అన్నదాన్ని బట్టి ప్రశ్న మారుతుంది.

ఏటిగట్టు:
50 గంటల గురించి ఒక మాట. 2007లో అమెరికాలో యూన్ బృందం చేసిన సమీక్షని ట్రైనింగుల్లో తెగ చూపిస్తుంటారు. సగటున 49 గంటల శిక్షణ పొందిన టీచర్ల దగ్గర పిల్లలు 21 పర్సెంటైల్ పాయింట్లు పైకొచ్చారని. చూపించని సంగతేమిటంటే, 1300కి పైగా అధ్యయనాలు వడపోస్తే లెక్కకి నిలిచినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ ఎలిమెంటరీ బడులవి. ఆ అంకె తెచ్చి హైస్కూలుకి అతికించకండి.

గంటలు తక్కువైతే ఫలితం రాదన్నది నిజమే గానీ, ఎక్కువైతే వస్తుందని ఎవరూ చెప్పలేదు. టీచర్ల శిక్షణ మీద పరిశోధించిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచీ చెప్తున్నది ఒకటే: వివరించడం, చేసి చూపించడం, హాల్లో సాధన చేయించడం, ఈ మూడూ అయ్యాక కూడా కొత్త పద్ధతి క్లాసురూము గడప దాటదు. తోటి టీచరు క్లాసుకొచ్చి చూసి, మాట్లాడి, మళ్లీ చేయిస్తేనే దాటుతుంది. కాబట్టి మీ 50 గంటల్ని ఇలా విడగొట్టండి. ఎండాకాలంలో మూడు రోజులు, రోజుకి ఆరు గంటలు, 18. ఏడాదిలో ఐదు విడతలు, విడతకి నాలుగు గంటల సబ్జెక్టు సమావేశం, 20. ఒకరి క్లాసు ఒకరు చూసి మాట్లాడుకోవడం నాలుగుసార్లు, గంటన్నర చొప్పున 6. ఏడాది చివర ఒక రోజు, 6. ఆ 50 ఈ 50 ఒకటే, లోపలి సరుకు వేరు.

ఎండాకాలం మూడు రోజులకి ఓడీ (ఆన్ డ్యూటీ) ఉత్తర్వుతోపాటు సంపాదిత సెలవు జమ చేసే ముక్క కూడా ముందే రాయించుకోండి. తర్వాత రాయిద్దాం అనుకుంటే సర్వీసు రిజిస్టర్లో ఎక్కదు, మరుసటి ఏడాది మనుషులు రారు.

కొత్త లాకులు:
చురక తగిలింది గానీ అర్థమైందండీ. రెండు సందేహాలు. ఏడు సబ్జెక్టులూ ఒకేసారి మొదలెట్టొచ్చా? విడత అంటే లోపల ఏం జరుగుతుంది?

దాళ్వా మాస్టారు:
ఒకేసారి వద్దు. సమావేశం నడపగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది ముందు చూడండి. ఆరుగురు, ఏడుగురికి ఒక నడిపేవారు కావాలి. 57 మందికి ఎనిమిది, తొమ్మిదిమంది. అంతమంది ఒక్క ఏడాదిలో తయారవ్వరు. పైనుంచి ఎస్సార్పీ (రాష్ట్ర స్థాయి శిక్షకుడు), కిందికి డీఆర్పీ (జిల్లా స్థాయి శిక్షకుడు), అక్కణ్ణుంచి టీచరు అన్న గొలుసులో ఏమవుతుందో తెలిసిందే. పైన మూడు గంటలు వాదించుకున్న విషయం కిందికి స్లైడుగా దిగుతుంది, వాదన పైనే ఉండిపోతుంది.

మొదటి ఏడాది లెక్కలు, ఫిజికల్ సైన్స్, 19 మంది. రెండో ఏడాది బయాలజీ, ఇంగ్లీషు, ఇంకో 15. మూడో ఏడాది సోషల్, తెలుగు, హిందీ, 23. మొదటి ఏడాది బాగా నడిచినవాళ్లలోంచే తర్వాతి ఏడాదికి నడిపేవాళ్లని ఎంచుకోవాలి. ఎంపికలో సీనియారిటీ చూడకండి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినగలరా అన్నది చూడండి.

విడత ఐదు వారాలు. ఒక చిన్న లెక్క మీద చెప్తాను, పదో తరగతి వర్గ సమీకరణాలు.

మొదటి వారం ఒక సెక్షన్‌కి పది నిమిషాల చిట్టిపరీక్ష. 2ఎక్స్² − 5ఎక్స్ + 3 = 0. విచక్షణి (బి² − 4ఏసీ) కనుక్కో, మూలాలు కనుక్కో, బి అంటే ఎక్స్ గుణకం (కోఎఫిషెంట్) విలువ ఎంతో విడిగా రాయి. మార్కులు వెయ్యకూడదు.

రెండో వారం నాలుగు గంటల సమావేశం. మొదటి 40 నిమిషాలు కాగితాల్ని కుప్పలుగా వెయ్యడమే. మార్కుల్ని బట్టి కాదు, తప్పు రకాన్ని బట్టి. ఇక్కడ మూడు కుప్పలు పడతాయి. ఒకటి సరైనవి, విచక్షణి 1, మూలాలు 1, 3/2. రెండోది బి² బదులు −25 రాసి, −25 − 24 = −49, "వాస్తవ మూలాలు లేవు" అన్నవి. మూడోది దొంగ కుప్ప. వీళ్లు బి అంటే 5 అనుకున్నారు, మైనస్ వదిలేశారు. వర్గం చేస్తే 25 వస్తుంది, విచక్షణి 1 సరిగ్గానే వస్తుంది. మూలాలకి వచ్చేసరికి −1, −3/2 పడతాయి. విచక్షణి ఒక్కటే అడిగి ఉంటే ఈ పిల్లలందరికీ ఫుల్ మార్కులు పడేవి. బి విలువ విడిగా రాయించమన్నది అందుకే.

తర్వాత 50 నిమిషాలు ఎందుకిలా అన్న చర్చ. "అజాగ్రత్త" అన్న మాటని ఆ 50 నిమిషాలూ నిషేధించండి. ఆ మాట అనగానే చర్చ చచ్చిపోతుంది. రెండో కుప్పకి −5², (−5)² తేడా తెలీదు. మూడో కుప్ప మైనస్‌ని తీసివేత గుర్తుగా చూస్తోంది, గుణకంలో భాగంగా చూడడం లేదు. రెండూ వేరు జబ్బులు, ఒకే మందు పనిచెయ్యదు. మూడో కుప్ప పిల్లలకి 2ఎక్స్² + (−5)ఎక్స్ + 3 అని తిరగరాయడం అలవాటు చెయ్యాలి. రెండో కుప్పకి ఆ పని ఒక్కటే చాలదు, బ్రాకెట్ తీసేస్తే విలువ ఎలా మారుతుందో చేయించాలి.

పావుగంట టీ. తర్వాత గంటన్నర అందరూ కలిసి ఒకే ఒక్క పీరియడ్‌కి పాఠం రాయడం. ఆఖరి 45 నిమిషాలు ఎవరు చెప్తారు, ఏ రోజు, ఎవరు చూస్తారు అన్న ఏర్పాట్లు, రాసిన పాఠాన్ని ఒకసారి పైకి చదువుకోవడం.

మూడో వారం ఒకరు ఆ పాఠం చెప్తారు, ఇద్దరు చూస్తారు. ఏడుగురు వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే అది పెళ్లిచూపులు అవుతుంది. నాలుగో వారం దాన్ని దిద్ది మిగతావాళ్లు చెప్తారు. ఐదో వారం అంకెలు మార్చి అదే చిట్టిపరీక్ష. జపాన్ బళ్లల్లో జుగ్యో కెంక్యూ పేరుతో ఎప్పట్నించో జరుగుతున్న పని దాదాపు ఇదే. వాళ్లు ఒక్క పాఠం మీద ఇంతకంటే ఎక్కువ కాలం కూర్చుంటారు.

రెండో భాష:
అంటే హిందీ, తెలుగు వాళ్లం రెండేళ్లు గట్టుమీద కూర్చుని చూడాలన్నమాట. ఎప్పుడూ ఇంతే లెండి. పదో తరగతి రిజల్టు మీటింగులో మాత్రం అందరికంటే ముందు మమ్మల్నే నిలబెడతారు.

దాళ్వా మాస్టారు:
మీ కోపం న్యాయమే మేడమ్ గారూ. పూర్తి విడతలు కాకపోయినా మొదటి ఏడాది నుంచే భాషలవాళ్లకి ఒక పని పెట్టొచ్చు. రెండు నెలలకోసారి పది నోటుబుక్కులు ఒక బడినుంచి ఇంకో బడికి. ఏడో తరగతి సొంతంగా రాసిన పేరా ఒకటి. గైడు లోంచి దింపింది వద్దు. అవతలి టీచరు ఎర్ర ఇంకు పెట్టకూడదు. పిల్లాడు ఏం చెప్పబోయాడో ఒక వాక్యం, ఎక్కడ ఆగిపోయాడో ఒక వాక్యం రాసి వెనక్కి పంపాలి. అక్షరదోషాలు దిద్దడం సులువు కాబట్టి అందరం అక్కడే ఆగిపోతాం. ఈ రెండు వాక్యాలు రాయడం కష్టం. మూడో ఏడాదికి మీ సమావేశాలు మొదలయ్యేసరికి ఆ అలవాటుంటే మొదటి విడత వృథా పోదు.

సుద్దముక్క:
ఫిజికల్ సైన్స్‌కి కాగితాలు చాలవు, సామాను కావాలి. అక్కడే ఎక్కువ బోల్తా పడేది.

విద్యుత్తు పాఠమే తీసుకోండి. పిల్లల్లో బాగా పాతుకుపోయిన ఊహ ఏమిటంటే, మొదటి బల్బు కరెంటుని కొంత తినేస్తుంది, రెండోదానికి మిగిలిందే అందుతుంది అని. దాన్ని కదపడానికి రెండు బల్బుల్ని శ్రేణిలో కలిపి, ఏది ఎక్కువ వెలుగుతుందో ముందు రాయమని, తర్వాత స్విచ్ వేస్తాం. మూడు 1.5 వోల్టుల సెల్సు, రెండు 2.5 వోల్టుల టార్చి బల్బులు. కాగితం మీద అద్భుతం. క్లాసులో ఏమవుతుందంటే, కొట్లో కొన్న రెండు బల్బులూ ఒకేలా ఉండవు. ఫిలమెంటు నిరోధంలో కొంచెం తేడా ఉన్నా ఒకటి స్పష్టంగా మందంగా వెలుగుతుంది. అది రెండోదైతే అయిపోయింది, పిల్లల తప్పు ఊహకి మనమే సాక్ష్యం చూపించాం!

అందుకని సమావేశంలో గంటన్నర పాఠం రాసే టైములో 40 నిమిషాలు సామాను మీద పెట్టాలి. పది బల్బులు తీసుకుని రెండేసి చొప్పున శ్రేణిలో పెట్టి చూడాలి, సమానంగా వెలిగే జతల్ని దారంతో కట్టి ఉంచాలి. క్లాసులో తేడా వస్తే బల్బుల స్థానాలు మార్చమని పిల్లలకే చెప్పాలి. మందంగా వెలిగిన బల్బు కొత్త స్థానంలోనూ మందంగానే వెలిగిందంటే తేడా బల్బుది, స్థానానిది కాదు. నిజానికి ఈ మార్చిచూడడమే పాఠంలో అన్నిటికంటే మంచి భాగం.

అమ్మీటరు సంగతి. మూడుచోట్ల మూడు అమ్మీటర్లు పెడితే మూడు రీడింగులు వస్తాయి, సున్నా దోషం దేనిది దానికే. ఒక్క అమ్మీటర్నే మొదటి బల్బుకి ముందు, రెండింటి మధ్య, రెండోదాని తర్వాత మార్చి పెట్టండి. రీడింగుకీ రీడింగుకీ మధ్య స్విచ్ ఆపండి, లేకపోతే పాత సెల్సు నీరసించి మూడో రీడింగు తగ్గుతుంది. చూశారా, మళ్లీ కరెంటు తినేసింది! సముద్రం దగ్గరి బళ్లల్లో హోల్డర్లు ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. ల్యాబ్ పెట్టెలో ఒక గరుకు కాగితం ముక్క పెట్టుకోవాలి.

ఇంకోటి, కొంచెం సున్నితం. పిల్లలకి ఇచ్చే ఊహ ప్రశ్నని టీచర్లూ ముందు కాగితం మీద రాయాలి, పేరు లేకుండా. రెండు బల్బులు శ్రేణిలో అంటే అందరం సరిగ్గా రాస్తాం. రెండు సమాంతరంగా, ఒకటి శ్రేణిలో పెట్టి, సమాంతరంలో ఉన్న ఒకదాన్ని తీసేస్తే మిగతా రెండూ ఏమవుతాయి అంటే గది నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం పరువు పోకుండా గడవాలంటే పేరు ఉండకూడదు, పైఅధికారి గదిలో ఉండకూడదు.

మూడో బెల్లు:
పైఅధికారి అంటే హెచ్చెమ్మే (హెడ్మాస్టరు), నేనూ హెచ్చెమ్‌నే కాబట్టి మాట్లాడాలి. సుద్దముక్క గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మన దగ్గర క్లాసులోకి ఇంకొకరు వచ్చి కూర్చోవడం అంటే తనిఖీ. దశాబ్దాల అలవాటు అది. లెసన్ ప్లాను ఏదీ, నోట్సు దిద్దారా, ఇవే అడుగుతారు. తోటి టీచరు వచ్చినా అదే భయం. అందుకని మొదటి ఏడాది హెచ్చెమ్ చూడ్డానికి వెళ్లకూడదు. చూసినవాళ్ల కాగితం హెచ్చెమ్ టేబుల్ మీదికి రాకూడదు, ఏ యాప్‌లోనూ ఎక్కించకూడదు.

దాళ్వా మాస్టారు:
అక్కడ ఒప్పుకోనండి. హెచ్చెమ్‌ని పూర్తిగా బయట పెడితే టైంటేబుల్ కదలదు. మూడో వారం పాఠం చూడ్డానికి వెళ్లే ఇద్దరి పీరియడ్లు ఎవరు చూసుకుంటారు? హెచ్చెమ్ మనసు పెట్టకపోతే ఆ రోజే కరెక్టుగా ఏదో అర్జంటు రిపోర్టు వస్తుంది.

మూడో బెల్లు:
టైంటేబుల్ ఇవ్వడం వేరు, కాపీ తీసుకోవడం వేరు. అయినా మధ్యేమార్గం ఉంది. హెచ్చెమ్ ఎలాగూ ఏదో ఒక సబ్జెక్టు చెప్పినవాడే. మొట్టమొదట చూడ్డానికి తన క్లాసుకే రమ్మనాలి. తన పాఠంలో తప్పులు పదిమంది ముందు ఒప్పుకున్నాక మిగతావాళ్లకి జంకు సగం పోతుంది. ఒప్పుకోలేని హెచ్చెమ్ అయితే టైంటేబుల్ వరకే ఉంచండి.

సర్దుబాటు లెక్క కూడా చెప్తాను. సబ్జెక్టువారీ సమావేశంలో ఒక లాభం ఉంది, ఏ బడీ ఒకేరోజు ఖాళీ అవ్వదు. ఫిజికల్ సైన్స్‌లో బడికి ఒకరు, ఒక్క బడినుంచి ఇద్దరు వెళ్తారు, అంతే. లెక్కలు 12 మంది అంటే బడికి ఇద్దరు. వాళ్లని ఆరుగురేసి రెండు గుంపులు చేసి వేరువేరు రోజుల్లో పెట్టండి, ప్రతి బడినుంచీ ఒక్కరే కదులుతారు. ఇద్దరూ ఒకే గుంపులో ఉంటే బాగుంటుందని అడుగుతారు. వినకండి.

ఏటిగట్టు:
చూసేవాళ్లు ఏం రాసుకోవాలన్నది ముందే తేల్చకపోతే "బోర్డు పని బాగుంది, స్వరం పెంచాలి" అని రాసుకొస్తారు. పాఠానికి ముందు పది నిమిషాలు కూర్చుని, నా క్లాసులో ఈ ఒక్కటి చూడండి అని చెప్పేవారే అడగాలి. ఆ ఒక్కటే చూడాలి.

మొదట్లో అందరికీ పనికొచ్చేది ఇది. కాగితం మీద బెంచీల పటం గీసుకోండి. ప్రశ్న ఎవర్ని అడిగితే ఆ చోట ఒక గీత, జవాబు వస్తే గీత మీద అడ్డగీత. 45 నిమిషాల తర్వాత ఆ కాగితాన్ని ఏమీ మాట్లాడకుండా టీచరు చేతిలో పెట్టండి. సాధారణంగా గీతలన్నీ ముందు రెండు బెంచీల్లో, నడిమి వరసలో గుత్తిగా పడి ఉంటాయి. వెనక కిటికీ పక్క బెంచీ తెల్లగా ఉంటుంది. సలహా అక్కర్లేదు, పటమే మాట్లాడుతుంది.

రెండోసారికి ఆగే సమయం. ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగారు, ఫోను స్టాప్‌వాచ్‌తో పది ప్రశ్నలకి. 1970ల్లో అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ కొలిచినప్పుడు సగటున సెకను దగ్గర్లో తేలింది. మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పుతారు. చెప్పడానికి చాలా తేలిక. చెయ్యబోతే ఆ మూడు సెకన్లు మూడు నిమిషాల్లా ఉంటాయి, నిశ్శబ్దం భరించలేక టీచరే జవాబు చెప్పేస్తారు.

పాఠం అయ్యాక 20 నిమిషాల మాట, ఆ రోజే. చెప్పినవారు ముందు మాట్లాడాలి. చూసినవారు అంకెలు, పటం మాత్రమే ముందు పెట్టాలి. మార్చేది ఒక్కటే, రెండు వారాల్లోపు మళ్లీ ప్రయత్నం. నాలుగు మార్పులు చెప్తే ఒక్కటీ జరగదు.

పంటు రేవు:
మీరంతా ఐదు విడతలు అంటున్నారు గానీ అవి క్యాలెండర్లో ఎక్కడ పడతాయో చూశారా? బడులు జూన్ 12న తెరుస్తారు. ఆ రెండు వారాలూ అడ్మిషన్లు, పుస్తకాలు, కిట్లు. జులై, ఆగస్టు గోదారి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరికకే లంక దారులు మునగడం మొదలవుతుంది, గట్టుమీది బళ్లు పునరావాస కేంద్రాలవుతాయి. తర్వాత దసరా, ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలు. డిసెంబరు నుంచి పదో తరగతి స్పెషల్ క్లాసులు, జనవరిలో సంక్రాంతి, ఫిబ్రవరిలో ప్రీఫైనల్, మార్చిలో పబ్లిక్. ఈ మధ్యలో ఖాళీగా కనపడేవి జూన్ ఆఖరు, ఆగస్టు రెండో సగం, సెప్టెంబరు, నవంబరు, డిసెంబరు మొదటి పది రోజులు.

దాళ్వా మాస్టారి ఐదు వారాల విడతని వీటిలో అతికిస్తే నవంబరు, డిసెంబరు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కాబట్టి మూడు పూర్తి విడతలు, రెండు పొట్టివి చేసుకోండి. పొట్టి విడతలో చిట్టిపరీక్ష, కుప్పలు, పాఠం రాయడం ఉంటాయి. చూడ్డానికి వెళ్లడం ఉండదు. వరద నెలల్లో రెండు గుంపులుగా కూర్చోండి, ఈవల నాలుగు బళ్లు, ఆవల రెండు.

చోటు ఎంపిక. మ్యాపులో చూస్తే సఖినేటిపల్లి, నర్సాపురం ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో గోదారి దాటించే పంటు ఆగిందంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. అంచేత మండలం నడిబొడ్డునో, పెద్ద హాలు ఉన్నచోటో పెట్టకండి. బస్సు దిగి నడవగలిగే బడి చూసుకోండి. టైము పదిన్నర నుంచి రెండున్నర. మధ్యాహ్నం పెడితే మూడున్నర నుంచీ అందరి కళ్లూ గడియారం మీదే. రాజమండ్రి, కాకినాడల నుంచి తిరిగేవాళ్లకి బస్సు పోతే రాత్రవుతుంది. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు.

కొత్త లాకులు:
ఈ క్యాలెండరు ముందే వేసుకోవాల్సిందండీ. ఇంకో మూడు ప్రశ్నలు. బదిలీలైతే ఎలా? దీక్ష పోర్టల్లో ఉన్న ఆన్‌లైన్ కోర్సులు దీనిలో కలుపుకోవచ్చా? ఖర్చు ఎంతవుతుంది?

ఏటిగట్టు:
బదిలీలు తప్పవు. టీచరుకి ఒకచోట గరిష్ఠం 8 ఏళ్లు, హెచ్చెమ్‌కి 5. ఏ మూడేళ్లు తీసుకున్నా కొందరు మారతారు. మనిషితో పోయేది పోతుంది, బళ్లో ఉండాల్సింది ఫైలు. విడతకి నాలుగు పేజీలు చాలు: చిట్టిపరీక్ష, ఒక్కో కుప్పనుంచి ఒక్కో కాగితం ఫొటో, మొదట రాసిన పాఠం, దిద్దిన పాఠం. దిద్దిన చోట ఎందుకు దిద్దారో ఒక్క వాక్యం. కొత్తగా వచ్చినవారు అది చదివి ఆ పాఠం ఒకసారి చెప్తే గుంపులో కలిసిపోతారు. పాఠాల రెండు ప్రతులూ ఉంచండి. దిద్దిన ప్రతి ఒక్కటే ఉంచితే కొత్తవాళ్లు పాత తప్పే మళ్లీ చేస్తారు.

దీక్ష సంగతి. అందులో నడిచే కేంద్రం వారి టీచర్ల శిక్షణ నిష్ఠ 2019లో వచ్చింది, హైస్కూలు టీచర్లకి 2.0 అని 2021లో. కోర్సుల్లో సరుకు లేదని కాదు. వీడియో ఒకపక్క తిరుగుతుంటుంది, ఇంకోపక్క హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్. సర్టిఫికెట్ వస్తుంది, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. వాడాలంటే "వీడియో చూసి రండి" అనకుండా, "చూసి, ఈ లెక్క రెండు పద్ధతుల్లో చేసి ఫొటో పంపండి" అనండి. ఇరవై నిమిషాల వీడియో, ఒక లెక్క. సమావేశం దానితో మొదలవ్వాలి. దాని బదులు సమావేశం ఎత్తేస్తే కథ మొదటికొస్తుంది.

ఎర్ర ఇంకు:
ఖర్చులో పెద్దది టీఏ, మిగతాది కాగితం. 19 మంది, సెక్షన్‌కి 35 మంది పిల్లలు, విడతకి రెండు పరీక్షలు, ఐదు విడతలు. 6,650 చిట్టిపరీక్షలు. ఏ4 కాగితాన్ని సగం చేస్తే 3,325 కాగితాలు, ఏడు రిమ్ములు. ప్రశ్నలు బోర్డు మీద రాసి సగం కాగితం ఇస్తే జెరాక్సు ఖర్చు కూడా ఉండదు. తేదీ, రోల్ నంబరు మాత్రం తప్పకుండా రాయించండి. అవి లేకపోతే ఐదో వారం కాగితాన్ని మొదటి వారం కాగితంతో జత చెయ్యలేరు.

ఎవరూ అడగలేదు గానీ, ఫలితం ఎలా చూపిస్తారన్నది మొదటిరోజే తేల్చుకోవాలి. లేదంటే మూడో ఏడాది ఎవరో వచ్చి పదో తరగతి పాస్ శాతం ఎంత పెరిగిందంటారు. ఆ అంకెతో ఈ పనిని కొలవకూడదు. బ్యాచి మారుతుంది, పేపరు మారుతుంది, డిసెంబరు నుంచి జరిగే బట్టీ అంతా అందులోనే కలిసి ఉంటుంది. టీచర్ల శిక్షణ ఫలితాన్ని కొలవడానికి థామస్ గస్కీ అనే పరిశోధకుడు ఐదు మెట్లు చెప్పాడు: టీచర్లకి నచ్చిందా, నేర్చుకున్నారా, బడి సహకరించిందా, క్లాసులో వాడుతున్నారా, పిల్లలకి వచ్చిందా. మన ఫారాలన్నీ మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. మూడో మెట్టుని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ ప్లాన్లు చచ్చేది అక్కడే. సమావేశానికి ఎంతమందిని వదిలారు, పాఠం చూడ్డానికి వెళ్లాల్సిన పీరియడ్లలో ఎన్ని రద్దయ్యాయి, ఎందుకు? ఈ రెండు అంకెలు నెలనెలా గోడమీద పెట్టండి.

పిల్లల మెట్టుకి చిట్టిపరీక్షలే చాలు, కాకపోతే దిద్దేది వేరే బడి టీచరు. ఎవరి పిల్లల కాగితాలు వాళ్లు దిద్దుకుంటే చెయ్యి వంగుతుంది, ఎంత నిజాయితీపరులకైనా. పరీక్ష నెల తర్వాత ఇంకోసారి పెట్టండి, చెప్పకుండా. పాఠం అయిన వారానికి మెరుగ్గా ఉండి నెలకి జారిపోతే అది నేర్చుకున్నట్టు కాదు. ఆరు బళ్ల అంకెలతో "మా పద్ధతి వల్లే" అని రిపోర్టు రాయకండి. మీరు ఏ పాఠం మళ్లీ దిద్దాలో తెలుసుకోవడానికే ఆ అంకెలు.

రెండో భాష:
మీరంతా మర్చిపోయిన సంగతి ఒకటి. ఇప్పుడు పుస్తకాలు ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషు. పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లాడు ఆలోచించేది తెలుగులో. దాళ్వా మాస్టారి మూడో కుప్పలో ఎంతమంది లెక్క రాక పడ్డారు, ఎంతమంది ప్రశ్నలో "కోఎఫిషెంట్" అన్న మాట అర్థంకాక పడ్డారు? చిట్టిపరీక్షని రెండు భాషల్లోనూ ఇవ్వండి. ఏ భాషలో ప్రశ్న చదివారో గుండ్రం చుట్టమనండి. కుప్పలు వేసేటప్పుడు అదీ చూడండి. ఆ పనికి భాషా టీచర్లలో ఒకర్ని మొదటి ఏడాది నుంచే లెక్కల సమావేశంలో కూర్చోబెట్టండి. గట్టు దిగి వస్తాం.

దాళ్వా మాస్టారు:
బాగా పట్టుకున్నారు మేడమ్ గారూ. ఒప్పుకున్నాను. తెలుగులో గుణకం అన్నా పిల్లలకి ఇబ్బందే, గుణకారంలో విన్న గుణకమూ ఇదీ ఒకటే అనుకుంటారు.

కొత్త లాకులు:
సరేనండీ, మార్చిన చిత్తు ఇది. మొదటి ఏడాది లెక్కలు రెండు గుంపులు, ఫిజికల్ సైన్స్ ఒకటి, ప్రతిదానిలో ఒక భాషా టీచరు. మే ఆఖరి వారం మూడు రోజులు, నడిపేవాళ్లకి అంతకుముందు రెండు రోజులు అదనం. జూన్ 24 నుంచి మొదటి పూర్తి విడత, ఆగస్టు 18 నుంచి పొట్టిది, సెప్టెంబరు 8 నుంచి పూర్తిది, నవంబరు మొదటి వారం నుంచి పూర్తిది, డిసెంబరు మొదటి వారం పొట్టిది. హెచ్చెమ్‌లతో మే నెలలోనే ఒక పూట. ఇంకేమైనా?

పంటు రేవు:
సెప్టెంబరు 8న మొదలైన ఐదు వారాల విడత దసరా సెలవుల్లో తెగుతుంది. మూడో వారం పాఠం సెలవులకి ముందు, నాలుగో వారం తర్వాత పడేలా చూసుకోండి. నాలుగు, ఐదు వారాల మధ్య తెగితే ఫర్వాలేదు. రెండు, మూడు మధ్య తెగితే రాసిన పాఠం పాతబడిపోతుంది. నవంబరు విడత ఐదో వారం కూడా డిసెంబరు పొట్టిదాంతో కలుస్తుంది, రెండు చిట్టిపరీక్షలూ ఒకేరోజు పెట్టెయ్యండి. ఇంకోటి, జూన్‌లో మొదటి సమావేశం ఏటికి ఆవల బళ్లలో ఒకదాంట్లో పెట్టండి. ఒక్కసారి రేవు దాటితే, ఆవలివాళ్లు ప్రతిసారీ ఏం పడుతున్నారో ఈవలివాళ్లకి తెలుస్తుంది.

కొత్త లాకులు:
రాసుకున్నాను. సుద్దముక్క గారూ, బల్బులు ఎన్ని కొనమంటారు? ఏడు బళ్లకి లెక్క వేసి, ఒక్కో బడికి నాలుగు జతలు చాలా?

సుద్దముక్క:
బళ్లు ఆరు కదండీ, ఏడుగురు టీచర్లు. టీచరుకి నాలుగు జతలు అంటే 56 బల్బులు కావాలి. కొనేది 80 కొనండి. జత కుదరనివి మిగులుతాయి, కొన్ని సంచిలోనే ఫిలమెంటు తెగుతాయి. అన్నీ ఒకే పెట్టెలోవి తీసుకోండి. కొట్టువాడు రెండు కంపెనీలవి కలిపి ఇస్తే వద్దనండి. జతలు కట్టే పని ఎండాకాలం ట్రైనింగులో మూడో రోజు మధ్యాహ్నానికి పెట్టండి. అప్పటికి అందరికీ స్లైడులు చూసి నిద్రొస్తుంటుంది.